బావ ఇంటికొచ్చాడు, ఇక గండం గడిచినట్టేనా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. మా బావ ఊళ్లోనే ఆరెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి, పత్తి వేస్తాడు. రెండేళ్లుగా నష్టమే. అక్క పేరు మీద ఫైనాన్సు కంపెనీలో గ్రూపు లోను ఉంది, ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది ఉంది. పోయిన నెల బావ ప్రాణం తీసుకోబోయాడు. పక్క పొలం వాళ్లు చూసి 108లో ఆసుపత్రికి చేర్చారు. ఎనిమిది రోజులుండి ఇంటికొచ్చాడు. ఆసుపత్రిలో పోలీసులు స్టేట్‌మెంట్ రాసుకున్నారు. కేసు పెడతారని ఊళ్లో ఒకరంటే, పెట్టరని ఇంకొకరు. సైకియాట్రిస్టుకు చూపించమని డాక్టరు చెప్పారు గానీ, ‘వాడికేమన్నా పిచ్చా’ అని మా పెద్దవాళ్లు ఆపేశారు. ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తొద్దన్నారు. బావ తింటున్నాడు, పొలం వెళ్తున్నాడు, మామూలుగానే ఉన్నాడు. అక్కే రాత్రిళ్లు నిద్రపోవట్లేదు. ఆత్మహత్యల నివారణకు కేంద్రం జాతీయ విధానం తెచ్చిందని పేపర్లో చదివాను. దానివల్ల మా ఊరికి ఒరిగేదేమైనా ఉందా? మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే పోలీసులకు చెప్పేస్తారా? బావను ఆ విషయం అడగాలా, వదిలేయాలా?

సమాధానం: ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మొదటి కొద్ది వారాలు, మొత్తంగా మొదటి మూడు నెలలు, అన్నిటికంటే కనిపెట్టుకుని ఉండాల్సిన కాలం. ఆసుపత్రి ఒంటికి వైద్యం చేసి పంపింది. బావను అక్కడిదాకా నెట్టిన అప్పు, నిద్ర లేకపోవడం, తలెత్తుకోలేనన్న బాధ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఊరందరికీ తెలిసిపోయిందన్న సిగ్గు కొత్తగా తోడైంది. తింటున్నాడు, పొలం వెళ్తున్నాడు అంటే సంతోషమే గానీ, లోపల ఏముందో దాన్నిబట్టి చెప్పలేం. ధైర్యం చెప్పే మాట కూడా ఒకటుంది: ఒకసారి ప్రయత్నించి బయటపడ్డవాళ్లలో అత్యధికులు తర్వాత ఆ దారిన పోరు. ఈ గడ్డు వారాలు దాటించడమే ఇప్పుడు మీ పని.

మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడదాం. బావను అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, అది నిజం కాదు. ఎవరూ అడగకపోతే ఆ మనిషి ఒంటరిగా మోస్తాడు, అడిగితే చాలామందికి సగం బరువు దిగుతుంది. పదిమంది ముందు కాదు. బావకు ఎవరి దగ్గర చనువో వాళ్లే, పొలం గట్టు మీద నడుస్తూనో, బండి మీద వెళ్తూనో అడగండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి నిలదీస్తే మగవాళ్లు నోరు విప్పరు. మాట సూటిగా ఉండాలి: “బావా, ఒక్కమాట అడుగుతా, ఏమనుకోకు. చచ్చిపోవాలని ఇంకా అనిపిస్తోందా?” ‘పిచ్చి ఆలోచనలేం లేవుగా’ అని అడిగితే ‘లేవు’ అనే చెప్తాడు, ఎందుకంటే మీరు కోరుకున్న జవాబు ప్రశ్నలోనే ఇచ్చేశారు.

ఆయన మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడకండి. ‘పిల్లల ముఖం చూసైనా బతకాలి’ అనేది ఓదార్పులా వినిపిస్తుంది గానీ, పిల్లలకు భారమయ్యానని కుమిలేవాడికి అది ఇంకో దెబ్బ. పిల్లల మీద ఒట్టు వేయించుకోవడం కూడా అలాంటిదే. ఒట్టు వల్ల ఆలోచన పోదు, మళ్లీ ఆలోచన వచ్చినప్పుడు మీకు చెప్పడమే మానేస్తాడు. అందుకు బదులు ‘అట్లా అనిపించినప్పుడు అర్ధరాత్రైనా నాకు ఫోన్ చెయ్యి’ అనే మాట తీసుకోండి, ఆ ఫోన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. ‘అనిపిస్తోంది’ అని, ఎప్పుడో ఎలాగో కూడా ఆలోచించుకున్నట్టు చెబితే మాత్రం ఆ రోజు ఆయన్ను ఒక్క క్షణం ఒంటరిగా వదలకండి. అదేరోజు క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. తీసుకెళ్లే పరిస్థితి లేకపోతే 108. ఉన్నట్టుండి చాలా ప్రశాంతంగా మారి లెక్కలు సర్దడం, వస్తువులు పంచిపెట్టడం, అప్పగింతలు చెప్పడం మొదలుపెట్టినా ఇంతే తొందరపడాలి.

ఇక ఈరోజే చేయాల్సింది ఒకటుంది. ఇంట్లో, పశువుల కొట్టంలో, మోటారు షెడ్డులో ఉన్న పురుగుమందులు, కలుపుమందులు మొత్తం బయటికి పోవాలి. మిర్చికి వారం పది రోజులకోసారి పిచికారీ ఉంటుంది కాబట్టి సగం వాడి మూత బిగించిన డబ్బాలు ఏదో ఒక మూల ఉండే తీరతాయి. పెట్టెలో పెట్టి తాళం వేస్తే చాలదా అని మీకు అనిపించొచ్చు. శ్రీలంకలో 180 పల్లెల్లో, రెండు లక్షలకు పైబడిన జనం మీద దీన్ని పరీక్షించి చూశారు. సగం పల్లెల్లో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి: పెట్టెలిచ్చిన ఊళ్లకూ ఇవ్వని ఊళ్లకూ తేడా కనబడలేదు. తాళంచెవి ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఉంటుందా? కాబట్టి తాళం మీద ఆధారపడకండి. డబ్బాలు వేరే ఇంటికి, నమ్మకమైన చుట్టాల దగ్గరికి చేరాలి. మందు కొట్టాల్సిన రోజు ఆరోజుకు సరిపడా మాత్రమే తెప్పించి, కూలి మనిషి చేత కొట్టించి, మిగిలింది అతనితోనే వెనక్కి పంపండి. బావకు ఖాతా ఉన్న పురుగుమందుల షాపతనికి మీరే ఒక మాట చెప్పండి: ‘కొన్నాళ్లు మందు మా ఫలానావాడి చేతికే ఇవ్వండి, బావకు వద్దు.’ కారణం మొత్తం చెప్పక్కర్లేదు, ఊళ్లో అతనికి తెలిసే ఉంటుంది. ఇంట్లో ఉన్న మాత్రలు కూడా అక్క దగ్గరే ఉండాలి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణముంది. చనిపోవాలన్న ఉధృతి చాలామందిలో గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లోనే తగ్గుతుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే మనిషి దక్కుతాడు. ప్రభుత్వాలు చేసే పనుల్లో అన్నిటికంటే గట్టి ఫలితం చూపింది కూడా ఇదే. 1990ల మధ్యలో ప్రపంచంలోనే ఎక్కువ ఆత్మహత్యల రేటున్న దేశాల్లో శ్రీలంక ఒకటి. అతి ప్రమాదకరమైన పురుగుమందులను 1995 నుంచి విడతలవారీగా నిషేధిస్తూ వచ్చాక ఆ రేటు సుమారు 70 శాతం తగ్గింది. మన కేంద్రం 2018 ఆగస్టు ఉత్తర్వుతో 18 మందులను నిషేధించింది, వాటిలో 12 వెంటనే, ఆరు 2020 డిసెంబరు 31 నుంచి. రాష్ట్రమే నిషేధించవచ్చు కదా అంటారు. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం రాష్ట్రం ఆపగలిగేది 60 రోజులు, ఆపైన పొడిగింపు 30 రోజులు. శాశ్వత నిషేధం కేంద్రం చేతిలోనే ఉంది. కాబట్టి ఢిల్లీలో జరగాల్సింది జరిగేదాకా మీ ఇంటి నిషేధం మీరే పెట్టుకోవాలి.

పోలీసుల సంగతి. బావ మీద కేసు కాదు. పాత ఐపీసీలో 309 సెక్షన్ ఉండేది, ప్రయత్నించినవాళ్లకు ఏడాది దాకా జైలు వేయొచ్చని. 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ దాని కోరలు పీకేసింది. ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, విచారించి శిక్షించకూడదు అంటుందది. అక్కడితో ఆగలేదు, ఆ మనిషికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించి మళ్లీ అలా జరగకుండా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని కూడా రాసింది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309కి సమానమైన సెక్షనే లేదు. 226 అని ఒకటుంది గానీ, అది ప్రభుత్వ ఉద్యోగిని విధి నిర్వహణలో బలవంతపెట్టడానికో, ఆపడానికో ఆత్మహత్యకు ప్రయత్నించినప్పటి మాట. మీ బావ విషయానికి సంబంధం లేదు.

మరి పోలీసులు ఎందుకు వచ్చారంటే, ఇలాంటివి ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా రాసుకుని స్టేషన్‌కు కబురు పంపుతారు. ఎవరైనా హాని చేశారా, వేధించారా అన్నది తెలుసుకోవడానికి స్టేట్‌మెంట్ తీసుకుంటారు. అది బావను ముద్దాయిని చేయడం కాదు. ‘కేసు లేకుండా చూస్తాం’ అని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వొద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పండి, 15100కి ఫోన్ చేసినా సరిపోతుంది. ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అని మన పత్రికలు రాసే తీరులోనే తంటా ఉంది. పాల్పడటం అనేది మనం నేరానికి, అవినీతికి, ఘాతుకానికి వాడే మాట. చట్టం మారినా భాష ఇంకా మారలేదు, ఊళ్లో భయం పోకపోవడానికి అదీ ఒక కారణం.

డాక్టరు చెప్పిన సైకియాట్రీ ఓపీ దగ్గర మీ పెద్దవాళ్లు ఆగిపోయారు. మన వ్యవస్థలో తాడు తెగేది సరిగ్గా అక్కడే. క్యాజువాలిటీ బాగానే పనిచేస్తుంది, ప్రాణం నిలబెడుతుంది. సైకియాట్రీ విభాగమూ ఉంటుంది. ఒకదాని నుంచి రెండోదానికి మనిషిని చేయి పట్టుకుని తీసుకెళ్లేవాళ్లే ఉండరు. ఒక చీటీ మీద ‘రెఫర్ టు సైకియాట్రీ’ అని రాసిస్తారు, ఆ చీటీ చొక్కా జేబులో ఉండగానే ఉతుక్కి వెళ్తుంది. ఆ చేయి పట్టుకునే మనిషి మీరే కావాలి.

మానసిక ఆరోగ్యానికి జాతీయ కార్యక్రమం 1982 నుంచి ఉంది. 1996లో దాని కిందే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. జిల్లా స్థాయిలో ఓపీ, కౌన్సెలింగ్, మందులు, పది పడకల ఇన్‌పేషెంట్ వార్డు ఉండాలన్నది దాని లెక్క. కాగితం మీద దేశమంతా మంజూరైంది. కానీ దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. మీ జిల్లా 2022 ఏప్రిల్‌లో గుంటూరు నుంచి విడిపోయి పుట్టింది, పెద్ద ఆసుపత్రి మాత్రం పాత జిల్లా కేంద్రంలోనే ఉంది. అందుకని ముందు నరసరావుపేట ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రిస్టు ఏ రోజుల్లో చూస్తారో ఆశా కార్యకర్త చేతో, పీహెచ్‌సీ డాక్టరు చేతో కనుక్కోండి. దొరక్కపోతే గుంటూరు జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది. ఓపీ చీటీలు పొద్దున్నే ఇస్తారు కాబట్టి మొదటి బస్సుకే బయల్దేరాలి. డిశ్చార్జి సమ్మరీ అసలు, రెండు జెరాక్సులు, ఆధార్, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలు పట్టుకెళ్లండి. మద్యం అలవాటుంటే దాచకుండా చెప్పండి. తాగినప్పుడు తొందరపాటు పెరుగుతుంది, కొన్ని మందులు మద్యంతో కలిస్తే ప్రమాదం కూడా.

పెద్దవాళ్లకు ‘పిచ్చి డాక్టరు’ అంటే ఒప్పుకోరు. ‘ఆసుపత్రివాళ్లు మళ్లీ రమ్మన్నారు, నిద్రకు మందు రాస్తారు’ అని చెప్పండి. అబద్ధం కాదది. నిద్ర సరిచేయడంతోనే చాలామందికి వైద్యం మొదలవుతుంది.

డిప్రెషన్‌కు మందు రాస్తే దాని నడక తెలుసుకోవాలి. మొదటిరోజే గుణం కనిపించదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ. ఈలోపు నోరెండటం, కడుపులో తిప్పడం, మత్తు లాంటివి ముందే కనిపిస్తాయి. ‘గుణం లేదు, ఇబ్బంది మాత్రం ఉంది’ అని పదో రోజున మానేసేవాళ్లే ఎక్కువ. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: మొదటి వారాల్లో ఒంట్లో సత్తువ ముందు వస్తుంది, మనసు తేలికపడటం తర్వాత. సత్తువ వచ్చి దిగులు పోని ఆ మధ్యకాలంలో మరింత కనిపెట్టుకుని ఉండాలి. మందులు వారానికో పదిరోజులకో సరిపడా మాత్రమే ఇవ్వమని డాక్టరును అడగండి, అక్క చేతి మీదుగానే వేయించండి. బాగైందనిపించినా ఇంకో ఆరేడు నెలలైనా వాడాలంటారు. ఆపడం కూడా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తూనే.

14416 గురించి. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న మొదలైంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ దీనికి పెద్ద దిక్కు. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు కలవకపోతే 1800 891 4416. ముందు రికార్డు గొంతు వస్తుంది, భాష ఎంచుకోమంటుంది. తొందరలో అందరూ పొరపడేది ఇక్కడే. ఏదో ఒక అంకె నొక్కి వేరే భాషలోకి వెళ్లి, అర్థంకాక పెట్టేస్తారు. తెలుగుకు ఏ అంకో చెప్పేదాకా ఆగండి. తర్వాత కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో అందిస్తారు. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి మొదటి మాటలోనే ‘మనిషి ఆంధ్రప్రదేశ్‌లో, పల్నాడు జిల్లాలో ఉన్నాడు’ అని చెప్పండి. లేకపోతే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి దారి చెబుతారు, మీ బావకు అది అక్కరకు రాదు. బావ తరఫున మీరే మాట్లాడొచ్చు, అక్క తన బాధ తాను చెప్పుకోవడానికీ చేయొచ్చు.

పోలీసులకు చెప్పేస్తారా అంటే, కేసు పెట్టించడానికి ఎవరికీ చెప్పరు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని అదే 2017 చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు కాపాడటానికి కావాల్సినంత సమాచారం ఇచ్చే మినహాయింపు కూడా అందులోనే ఉంది, అది ఉండాల్సిందే. ఒక హద్దు మాత్రం గుర్తుపెట్టుకోండి. 14416 మాట్లాడే లైను, బండి పంపే లైను కాదు. మనిషి ఇప్పటికే తనకు హాని చేసుకున్నా, చేసుకోబోతున్నా 108, లేదా 112. ఒక్కోసారి లైను కలవడానికి టైము పడుతుంది. అందుకే బావ తనంతట తాను చేస్తాడని వదిలేయకుండా మొదటిసారి మీరో అక్కో పక్కనుండి కలిపివ్వండి. ఒకసారి మాట్లాడిన గొంతుకు రెండోసారి చేయడం తేలిక.

మీకు అన్నిటికంటే పనికొస్తుందని మేం అనుకునేది ఇప్పుడు చెబుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఒక అధ్యయనం చేయించింది, మన దేశం నుంచి చెన్నై అందులో ఉంది. ప్రయత్నించి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు చికిత్స. రెండో భాగానికి దాంతోపాటు డిశ్చార్జి ముందు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడటం, తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్‌లోనో ఇంటికెళ్లో పలకరించడం. అంతే, పెద్ద యంత్రాలూ ఖరీదైన మందులూ లేవు. 2008లో ఫలితాలు వేశారు. మామూలు చికిత్స వాళ్లలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోతే, పలకరింపులు అందినవాళ్లలో 0.2 శాతం. ఆ తొమ్మిది పలకరింపుల రోజులు ఇవి: డిశ్చార్జి తర్వాత 1, 2, 4, 7, 11వ వారాలు, ఆపైన 4, 6, 12, 18వ నెలలు. మొదట్లో దగ్గరదగ్గరగా, తర్వాత ఎడంగా.

అక్కడ పలకరించింది శిక్షణ ఉన్నవాళ్లు, మీరు చేసేది దానికి బదులు కాదు. కానీ ఆ క్యాలెండర్ మీరు వాడుకోవచ్చు. బావ డిశ్చార్జి అయిన తేదీ నుంచి లెక్కవేసి మీ ఫోన్‌లో ఈ తేదీలకు అలారం పెట్టుకోండి. దాటిపోయినవి పోగా మిగిలినవాటిలో వీలైనన్ని ఓపీ తేదీలతో కలపండి. ఆ రోజు ఫోన్ చేసి వాన, రేటు, పంట మాట్లాడాక నాలుగు సంగతులు అడగాలి: నిద్ర ఎలా ఉంది, మందు వేసుకుంటున్నావా, అప్పువాళ్లెవరైనా వచ్చారా, ఆ ఆలోచన మళ్లీ వచ్చిందా. నాలుగోది ప్రతిసారీ అడగాలి, మొహమాటపడి వదిలేయకూడదు.

దీనికి తోడు ఒక కాగితం. బావ తన చేత్తో, తన మాటల్లో రాసుకోవాలి. దిగులు ముదిరేముందు తనకు ఏం జరుగుతుందో మొదట రాయాలి: ఉదాహరణకు ‘రాత్రి రెండింటికి మెలకువ వచ్చి వడ్డీ లెక్క మొదలవుతుంది’. దాని కింద అప్పుడు తాను ఒక్కడే చేయగలిగేది: లేచి గేదెలకు మేత వేయడం, చన్నీళ్లతో ముఖం కడుక్కోవడం, రేడియో పెట్టుకోవడం. తర్వాత ఊరికే వెళ్లి కూర్చోదగ్గ ఇల్లో అరుగో. ఆపైన ఫోన్ చేసి నిజం చెప్పదగ్గ ఇద్దరు ముగ్గురి పేర్లు, నంబర్లు. ఆ తర్వాత 14416, ఆసుపత్రి. చివర్లో ‘మందు డబ్బాలు ఫలానావాళ్ల ఇంట్లో ఉన్నాయి, అడగను’ అని. మీరు రాసిచ్చి సంతకం పెట్టించుకుంటే అది ఇంకో ప్రామిసరీ నోటు అవుతుంది, పనిచేయదు.

మీరు పేపర్లో చదివిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2022 నవంబరు 21న కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసింది. మన దేశానికి అలాంటిది అదే మొదటిది. 2020తో పోలిస్తే 2030కల్లా ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. మూడేళ్లలో లెక్కలు సేకరించే పద్ధతి, ఐదేళ్లలో ప్రతి జిల్లాలో నివారణ సేవలిచ్చే సైకియాట్రీ ఓపీ, ఎనిమిదేళ్లలో విద్యాసంస్థలన్నింటిలో మానసిక ఆరోగ్య పాఠాలు. అంటే మీ జిల్లా ఓపీకి గడువు 2027 నవంబరు. లక్ష్యం మంచిదే, అంకెలు మాత్రం ఎదురు నడిచాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2020లో లక్షకు 11.3 ఉన్న రేటు 2022లో 12.4 అయ్యింది, ఆ ఏడాది 1,70,924 మంది. తెలంగాణలో 26.3, ఆంధ్రప్రదేశ్‌లో 16.8. ఇవి పోలీసు రికార్డుకెక్కినవి మాత్రమే. బావలా ప్రయత్నించి బతికినవాళ్లను వరుసగా లెక్కించి వెంట ఉండి చూసుకునే ఏర్పాటే ఇంకా గట్టిపడాలి. అది గట్టిపడి ఉంటే ఆ తొమ్మిది ఫోన్లు ఆసుపత్రి నుంచి వచ్చేవి, మీరు మాకు ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ఆ వ్యూహం ఆరోగ్య శాఖ ఒక్కదానితో అయ్యేది కాదని అందులోనే ఉంది. మీ ఇంటి సంగతిలోనే అది కనిపిస్తోంది, అప్పు తీరే దారి లేకుండా మాత్ర ఒక్కటే ఎంతని పనిచేస్తుంది? బతికుండగా అందేవే చెబుతాం. ఒక ఆదివారం బావ, అక్క, మీరు కూర్చుని అప్పులన్నీ ఒక్క కాగితం మీదికి ఎక్కించండి: ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, నోటు ఉందా. మూడు రూపాయల వడ్డీ అంటే లక్షకు ఏడాదికి 36 వేలు. ముందు తీర్చాల్సింది అదే. ఊరి పెద్దమనిషిని కూర్చోబెట్టి వడ్డీ ఆపించి అసలుకు గడువు అడగడం చాలా ఊళ్లలో జరిగే పనే. మాట కుదరకపోతే న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు పోవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది కాబట్టి అర్జీ అక్క పేరుతో పెట్టండి.

గ్రూపు లోను మీద రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలున్నాయి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు, ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు, చుట్టాలనూ గ్రూపువాళ్లనూ వేధించకూడదు. అనుకున్న చోటికి అప్పు తీసుకున్నవాళ్లు వరుసగా రెండుసార్లు రాకపోతే తప్ప ఇంటి మీదికి రాకూడదు. నెలనెలా కట్టే కిస్తీలన్నీ కలిపి ఇంటి ఆదాయంలో సగం దాటేలా లోను ఇవ్వనే కూడదు. మీరితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు ఉంచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, సమాచారానికి 14448. కౌలుకు సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కు) కార్డు ఉంటే పంట రుణానికి, బీమాకు దారి. భూమి యజమాని సంతకం పెట్టడానికి జంకుతాడు. కార్డు పదకొండు నెలలకే, దాంతో భూమి మీద హక్కేమీ రాదని వీఆర్వో చేత చెప్పించండి.

హైదరాబాద్ తీసుకొచ్చేయాలా అని మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. పంట చేలో ఉండగా పొలం నుంచి లాగేసి ఒక గదిలో కూర్చోబెడితే, పగలంతా మీరు ఆఫీసులో ఉంటారు, ఆయన ఒంటరిగా ఉంటాడు. ఆయనగా వస్తానంటే నాలుగు రోజులు తీసుకురండి, లేకపోతే మీరే రెండు వారాలకోసారి ఊరెళ్లండి.

అక్క నిద్ర సంగతి. రాత్రంతా ఒక్కతే కాపలా కాస్తే రెండో నెలకు ఆమె మంచం పడుతుంది. మొదటి మూడు నెలలకు వంతులు వేయండి: వారంలో రెండు రాత్రులు అత్తగారు, రెండు రాత్రులు ఆ పక్క పొలంవాళ్లో తోడికోడలో, మిగతావి అక్క. పిల్లలకు వయసునుబట్టి నిజం చెప్పండి, ‘నాన్నకు మనసు బాగోలేదు, డాక్టరు చూస్తున్నారు’ అంటే వాళ్లకు చాలు. గుంటూరు వెళ్లే రోజు ఓపీలో అక్క గురించి కూడా ఒక చీటీ రాయించండి. ఆరోజు పొలానికి నీళ్లు పెట్టే మనిషిని ముందురోజే మాట్లాడి ఉంచండి. లేకపోతే ప్రయాణం వాయిదా పడేది ఆ ఒక్క కారణంతోనే.